అటక మీది బాక్సులు, అరచేతిలో యాంప్

ఇంట్లో పాత హోమ్ థియేటర్ ఉంటే ఒకసారి ముందుకు లాగి చూడండి. ముందువైపు బంగారు రంగు స్టిక్కరు మీద 5,000 వాట్స్ పీఎంపీఓ అని ఉంటుంది. వెనకవైపు, కరెంటు వైరు లోపలికి వెళ్లే చోట, చీమ తలకాయంత అక్షరాల్లో 230 వోల్టులు, 50 హెర్ట్జ్, 60 వాట్లు అని ఉంటుంది. గోడలోంచి అరవై వాట్లు తీసుకునే పెట్టె బయటికి ఐదు వేల వాట్లు ఎక్కణ్నుంచి తెచ్చి ఇస్తుంది? కొన్న రోజున ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే కౌంటరు వెనక కుర్రాడు రిమోట్ తీసుకుని వాల్యూమ్ పెంచేవాడు. జవాబు అదే.

పీఎంపీఓ అంటే రెప్పపాటు కాలంలో, పరికరం ఏమైపోయినా ఫరవాలేదనుకున్నప్పుడు రావచ్చని కాగితం మీద లెక్కగట్టిన అంకె. దానికి పద్ధతీ లేదు, ప్రమాణమూ లేదు. అందుకే ఒక కంపెనీ వెయ్యి అంటే పక్క కంపెనీ మూడు వేలు అనేది. అమెరికాలోనూ ఇదే వేలంపాట సాగితే అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లో యాంప్లిఫయర్ల కోసమే ఒక నిబంధన తెచ్చింది. ఎడతెగకుండా ఇవ్వగల శక్తిని కొలిచి చెప్పాలన్నది దాని సారం. ఆన్‌లైన్ అంగళ్లలో పాత రోగం మళ్లీ తిరగబెట్టాక 2024లో దాన్ని సవరించి బిగించారు. మన దగ్గర కొనేవాడి జాగ్రత్తే నిబంధన.

ఇప్పుడు యాంప్లిఫయర్ గొడవ ఎందుకంటే, పాటలన్నీ ఫోనులోకి వచ్చేశాయి, సినిమాలన్నీ టీవీలోకి వచ్చేశాయి, వినిపించే సాధనం మాత్రం చిక్కిపోయింది. టీవీ పలచనయ్యేకొద్దీ దాని స్పీకర్లు అడుగుకో వెనక్కో నక్కాయి. సంభాషణ వినబడక సబ్‌టైటిల్స్ పెట్టుకుని తెలుగు సినిమా చూసే తెలుగువాళ్లు తయారయ్యారు. మరోపక్క, ఒకప్పటి డెక్కుతో వచ్చిన స్పీకరు బాక్సుల జత అటక మీద, దీపావళి సామాను పక్కన, దుమ్ము కొట్టుకుని ఉంది. ఆ బాక్సులకూ ఈ ఫోనుకూ మధ్య కావలసింది ఒక్కటే వస్తువు.

అది ఎంత పెద్దదిగా ఉండాలి? చానెల్‌కు నికరంగా ముప్పై నుంచి యాభై వాట్లు ఇచ్చే రెండు చానెళ్ల యాంప్. పన్నెండు అడుగులకు పద్నాలుగు అడుగుల హాలుకు అంతకు మించి అక్కర్లేదు. ఇది గాలిలో చెప్పే మాట కాదు. మామూలు బుక్‌షెల్ఫ్ స్పీకరు వివరాల్లో 87 డెసిబెల్స్ అని ఒక అంకె ఉంటుంది. ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో అంత మోత వస్తుందని అర్థం. మూడు మీటర్ల అవతల సోఫాలో కూర్చుంటే ఓ తొమ్మిది పది డెసిబెల్స్ తగ్గుతాయి. రెండు బాక్సులు కలిసి మోగుతాయి కనుక మూడు తిరిగి వస్తాయి. అంటే ఒక్కొక్క వాటుతోనే సోఫా దగ్గర 80 డెసిబెల్స్. మామూలు మాటల చప్పుడు 60 దగ్గర ఉంటుంది. పెద్దవాళ్లు వారానికి నలభై గంటలకు మించి వినకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత గీసింది సరిగ్గా ఈ 80 దగ్గరే. మృదంగం మీద పడే దెబ్బకూ సినిమాలో పేలే బాంబుకూ క్షణకాలం పదింతలు, ఇరవై ఇంతలు కావాలి. అవి ముప్పై వాట్లలో ఇమిడిపోతాయి.

ఇంకో సంగతి అమ్మేవాళ్లు చెప్పరు. యాభై వాట్ల యాంప్ తీసేసి వంద వాట్లది పెడితే పెరిగేది మూడు డెసిబెల్స్ మాత్రమే. చెవికి అది 'కాస్త పెరిగినట్టుందే' అనేంత. రెట్టింపు మోత అనిపించాలంటే పదింతలు వాట్లు కావాలి. వాట్ల కోసం పోసే డబ్బు బూడిదలో పన్నీరు.

ఆన్‌లైన్‌లో దొరికే అరచేతి యాంపులు కూడా అబద్ధాలకు అతీతం కావు. '100 వాట్లు + 100 వాట్లు' అని పేరులోనే ఉంటుంది. పట్టుకోవడం మాత్రం తేలిక. దాంతో వచ్చే అడాప్టరును తిప్పి చూడాలి. 24 వోల్టులు, 4 ఆంపియర్లు అని ఉందనుకోండి. ఆ రెండింటినీ గుణిస్తే 96. లోపలికి వచ్చేది 96 అయినప్పుడు బయటికి నికరంగా 200 వెళ్లదు. వేడికి పోయేది పోగా చానెల్‌కు నలభై పైచిలుకు వాట్లు. హాలుకు అవి చాలు కనుక కొనొచ్చు, కానీ నలభై వాట్ల ధరకే కొనాలి. అడాప్టరు మీద 12 వోల్టులు, 2 ఆంపియర్లు అని ఉంటే దాన్ని కంప్యూటరు బల్ల దాటనివ్వకూడదు.

ఇంత చిన్న డబ్బాలో అంత శక్తి ఇమడడం వెనక ఉన్నది 'క్లాస్ డి' పద్ధతి. డి అంటే డిజిటల్ అని చాలామంది అనుకుంటారు, కొందరు అమ్మకందారులు అలాగే నమ్మిస్తారు కూడా. నిజానికి ఎ, బి, సి అయిపోయాయి కనుక తర్వాతి అక్షరం డి వచ్చింది, అంతే. పాత పద్ధతి యాంప్‌లో ట్రాన్సిస్టరు సగం తెరిచిన కుళాయిలా పనిచేస్తుంది. వాడని శక్తి వేడిగా పోతుంది. అందుకే వెనకాల అల్యూమినియం రెక్కలు, లోపల ఇటుకంత ట్రాన్స్‌ఫార్మర్. క్లాస్ డిలో ట్రాన్సిస్టరు పూర్తిగా తెరుచుకుంటుంది, లేదంటే పూర్తిగా మూసుకుంటుంది. అదీ సెకనుకు కొన్ని లక్షల సార్లు. అడాప్టరు నుంచి తీసుకున్నదాంట్లో తొంభై శాతం దాకా బాక్సులకు చేరుతుంది. ముట్టుకుంటే గోరువెచ్చన, అంతే.

చిన్న యాంపు మీద మోజు రేపింది 2000ల మధ్యలో అమెరికాలో వచ్చిన సోనిక్ ఇంపాక్ట్ కంపెనీ వారి ప్లాస్టిక్ బొమ్మలాంటి వస్తువు. ఎనిమిది పెన్‌టార్చి బ్యాటరీలతో నడిచేది. నలభై డాలర్ల లోపు ధర. లోపల ట్రైపాత్ అనే కంపెనీ చిప్. లక్షలు పోసి సిస్టమ్స్ పెట్టుకున్నవాళ్లు కూడా దాన్ని విని ముఖముఖాలు చూసుకున్నారు. ట్రైపాత్ 2007లో దివాలా తీసింది గానీ ఆ దారి మూసుకుపోలేదు. ఇవాళ ఫోసీ, ఐయిమా లాంటి చైనా బ్రాండ్ల చిన్న యాంపుల్లో ఎక్కువగా కనబడేవి టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్స్.

హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ తెలిసినవాళ్లకు ఈ కథ కొత్తగా అనిపించదు. ఫోర్-ఫోర్-ఫోర్-జీరో బోర్డు పేరు చెబితే చాలు, ఒక తరం కళ్లు మెరుస్తాయి. సాన్యో తయారుచేసిన ఎల్ఏ 4440 ఐసీ అది. రెండు చానెళ్లకు తలా 6 వాట్లు, రెండింటినీ ఒకటిగా కలిపి బ్రిడ్జ్ చేస్తే 19 వాట్లు. ఆ పంతొమ్మిదితోనే హాస్టల్ గదులు, ఆటోలు, వినాయక చవితి పందిళ్లు మోత మోగాయి. వాట్ల గురించి పైన వేసిన లెక్కకు అంతకన్న సాక్ష్యం వద్దు.

మరి ఖరీదైన యాంప్‌లో ఏమీ లేదా? 1987 జనవరిలో స్టీరియో రివ్యూ అనే అమెరికన్ పత్రిక ఒక పరీక్ష ప్రచురించింది. రెండొందల చిల్లర డాలర్ల రిసీవరు నుంచి పన్నెండు వేల డాలర్ల వాల్వు యాంపుల దాకా వరుసగా పెట్టి, మోత సమానం చేసి, ఏది మోగుతోందో చెప్పకుండా వినిపించారు. విన్నవాళ్ల జవాబులు బొమ్మా బొరుసా వేసినట్టే వచ్చాయి. వాల్వు యాంప్ ప్రేమికులు ఈ ఫలితాన్ని ఇప్పటికీ ఒప్పుకోరు. వాల్వుల నారింజ వెలుగు చూస్తూ పాట వినడంలో ఉన్న సుఖాన్ని కాదనలేం, కానీ అది కంటి సుఖం. వంద రూపాయలుంటే డెబ్బై బాక్సులకు పెట్టడమే తెలివి. వినబడే తేడా అంతా అక్కడే ఉంది.

అసలు తికమక ఫోను వైపు, టీవీ వైపు ఉంది. అంకెల రూపంలో ఉన్న పాటను విద్యుత్ తరంగంగా మార్చే పనిముట్టు పేరు డీఏసీ, డ్యాక్ అంటారు. 1982లో వచ్చిన సీడీకి సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కొక్కటి 16 బిట్లు అని సోనీ, ఫిలిప్స్ ఖాయం చేశాయి. దాన్ని శుభ్రంగా మార్చడం అప్పట్లో ఘనకార్యం. ఇప్పుడు ఫోనుకు తగిలించే వేలెడంత తీగ కూడా ఆ పని చక్కగా చేస్తుంది. డ్యాక్ కోసం వేలు పోయనక్కర్లేదు. బ్లూటూత్ రోజువారీ వాడకానికి సరిపోతుంది. దాని ఇబ్బంది నాణ్యత కన్నా మర్యాదది. సుబ్బులక్ష్మి గానం మధ్యలో అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు టింగుమంటుంది. వైఫై ద్వారా పాట అందుకునే స్ట్రీమర్ ఉంటే ఈ బెడద ఉండదు.

టీవీకి రెండు దారులు. హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ సాకెట్టు ఉన్న యాంప్ అయితే టీవీ రిమోట్‌తోనే మోత పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇదే మేలు, రెండో రిమోట్ ఏ ఇంట్లోనైనా వారంలో మాయమవుతుంది. రెండోది ఆప్టికల్ తీగ. ఎర్రటి వెలుగు వస్తుంది, శబ్దం రాదు, 'యాంప్ పాడైంది' అని తిప్పి పంపేస్తారు. తప్పు చాలాసార్లు టీవీ మెనూలో ఉంటుంది. డిజిటల్ ఆడియో అవుట్‌పుట్ దగ్గర డాల్బీ తీసేసి పీసీఎం పెడితే పాట పలుకుతుంది.

వైఫై, ఏఆర్‌సీ, డ్యాక్ అన్నీ ఒకే డబ్బాలో ఉన్న యాంపులు ఇప్పుడు వస్తున్నాయి. చూడ్డానికి ముచ్చటగా, తీగలు తక్కువగా ఉంటాయి. కొనొద్దని కాదు, ఒక్క చరిత్ర పాఠం చూసి కొనాలి. ఐపాడ్ గుచ్చుకునే డాక్‌తో అమ్మిన సిస్టమ్స్ 2012లో యాపిల్ సాకెట్టు మార్చగానే గుచ్చే మేకుగా మిగిలాయి. గూగుల్ 2015లో తెచ్చిన క్రోమ్‌కాస్ట్ ఆడియో నాలుగేళ్లు తిరక్కుండానే ఆగిపోయింది. అటు చూస్తే 1978లో బ్రిటన్‌లో వచ్చిన ఎన్ఏడీ 3020, చానెల్‌కు లెక్క ప్రకారం ఇరవై వాట్ల చిన్న యాంప్, నేటికీ ఇళ్లలో పాడుతోంది. దాని వెనకున్న ఎరుపు తెలుపు సాకెట్లలో నేటి ఫోను డ్యాక్ కూడా ఇట్టే ఇమిడిపోతుంది. డిజిటల్ భాగానికి ఆయుష్షు తక్కువ, యాంప్‌కు ఎక్కువ. రెండూ వేరువేరుగా ఉంటే పోయినదాన్ని మాత్రమే మార్చుకోవచ్చు.

గది సంగతి తొందరగా చెప్పుకోవాలి. విట్రిఫైడ్ టైల్స్, నున్నటి గోడలు, బోసి కిటికీలున్న హాల్లో ఎంత మంచి యాంప్ పెట్టినా బావిలో పాడినట్టే ఉంటుంది. బరువైన కర్టెన్లు, బాక్సుల ముందు ఒక జంపఖానా. వీటితో వచ్చే మార్పు రెండో యాంప్ కొన్నా రాదు.

ఈ ఆదివారం కొనుగోలు కన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. అటక మీది బాక్సులు దింపండి. జాలీ తీసి, కోను చుట్టూ ఉన్న అంచును వేలితో మెల్లగా నొక్కండి. ఫోమ్ అయితే ఈపాటికి పొడిగా రాలిపోవచ్చు. రబ్బరో గుడ్డో అయితే బతికే ఉంటుంది. రాలిపోయినా పారేయకండి, కోన్లు మార్చే మెకానిక్కులు ఊరూరా ఉన్నారు. వెనకాల 8 ఓమ్స్ అని ఉందో, 4 అనో, 3 అనో చూసి కాగితం మీద రాసుకోండి. యాంప్ వివరాల్లో 4 నుంచి 8 అని ఉంటే 3 ఓమ్స్ బాక్సు దానికి తగిలించకూడదు. తీగలు కలిపేటప్పుడు కరెంటు ఆపి, ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు. తర్వాత ఘంటసాల కాలం పాట ఏదైనా పెట్టండి. అవి చాలావరకు రెండు బాక్సుల్లోనూ ఒకే శబ్దం వచ్చే మోనో రికార్డింగులు కనుక గొంతు సరిగ్గా రెండు బాక్సుల నడుమ నిలబడాలి. గొంతు గదంతా చెదిరి, బేస్ పలచబడితే ఒక బాక్సు తీగలు తారుమారైనట్టే. స్విచ్ ఆపి, ఆ ఒక్క బాక్సు వెనక రెండు తీగలూ మార్చి పెట్టండి.