సున్నము కప్పని పగులు

పాలమూరు, నల్లగొండ పల్లెలలో ఇల్లు అమ్మదలచినవారు ముందుగా గోడలకు సున్నము కొట్టించి, గడపకు జాజు పూయుదురు. కొనువాని కన్ను దానితో తృప్తిపడును. మనస్సు కాగితములను వెదకును. ఈ ప్రాంతమున పొలములవలెనే ఇండ్లును తెల్లకాగితముపై వ్రాసిన సాదా బైనామాలతో చేతులు మారినవి కలవు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ప్రకారము 100 రూపాయలు, అంతకు మించిన స్థిరాస్తి విక్రయము రిజిస్టరు దస్తావేజుతోనే చెల్లును.

ఆ చట్టపు 55వ సెక్షను వేరొక ధర్మమును చెప్పుచున్నది: తనకు తెలిసియు, కొనువాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యలోపమును అమ్మువాడు సాధారణముగా దాచరాదు. పగులును సున్నముతో కప్పినచో బేరము త్వరగా కుదరవచ్చును; తొలివానకు అదియే తగవై తిరిగివచ్చును.

కురియు మిద్దెను బాగుచేయించి, దస్తావేజు, ఇంటిపన్ను రసీదులు, ఈసీ సిద్ధపరచి, మిగిలిన లోపమును ముందే చెప్పినవానితో కొనువాడు సందేహములేక బేరమాడును. వానికి ధరయు దక్కును, మాటయు దక్కును.