ఒకే తీగ, ఐదు ఫోనులు

మన తాతముత్తాతలు ఓడలెక్కి చెరకు తోటల పనికి మారిషస్ చేరిన కాలంలో ఊరినుండి ఒక జాబు రావాలంటే నెలలు పట్టేది. నేడు గల్ఫు దేశాలకు పనికి పోయిన మన భాషవారు ప్రతి రాత్రీ ఇంటివారితో మాట్లాడుకుంటున్నారు. అయితే ఆ మాట మధ్యలో తెగిపోతే ఏమి చేయాలి? ఇంట్లోనే చేసుకోదగిన ఉపాయం ఒకటి ఉన్నది.

నిరుడు కువైట్‌లోని సులైబియాలో పనిచేసే మా మేనల్లుని చూడబోయాను. అతనితోపాటు కడప, గోదావరి జిల్లాల వారు నలుగురు ఒకే గదిలో ఉంటారు. ఐదుగురికీ ఒకటే ఇంటర్నెట్టు. రాత్రి 8 గంటలకు ఒకరు సినిమా, ఒకరు క్రికెట్టు చూస్తున్నారు. కడప తమ్ముడు నాతో, "అమ్మ గొంతు తెగిపోతాంది సార్" అన్నాడు. అప్పటికి ఇండియాలో 10.30 గంటలు. కొంతసేపు ఆగితే ఆ తల్లి నిద్రపోతుంది.

మాటకు కావలసినది చాలా కొద్ది, సెకనుకు సుమారు 100 కిలోబిట్లు. మంచి బొమ్మతో సినిమాకు సుమారు 5 మెగాబిట్లు, అనగా 50 రెట్లు. కాని సినిమా కొంత భాగాన్ని ముందే తెచ్చి దాచుకుంటుంది. మాటను అలా దాచుకొనే వీలు లేదు. రౌటరు సాధారణంగా వచ్చినవాటిని వచ్చిన వరుసలోనే పంపుతుంది. మన కేంపులలో కుళాయి వద్ద బట్టల బాల్చీల వెనుక త్రాగునీటి బిందె నిలబడినట్లే ఇది. బిందెను ముందుకు జరిపితే చాలు, బాల్చీలవారికి పెద్ద నష్టం లేదు.

చేయవలసిన పని ఇది. ఎవరూ వాడని వేళ వచ్చే వేగాన్ని, పోయే వేగాన్ని కొలవండి. రౌటరు అడుగున ఉన్న చీటీలోని అంకెలను, తరచుగా 192.168.1.1, బ్రౌజరులో కొట్టి లోపలికి వెళ్లండి. "క్యూ.ఓ.ఎస్." అన్న పేజీలో మొత్తం హద్దును కొలిచిన వేగంలో 90 శాతంగా పెట్టండి. అప్పుడు వరుస మన రౌటరులోనే ఏర్పడుతుంది, దానిని దిద్దే అధికారం మనకు ఉంటుంది. మాటలకు మొదటి స్థానం, పాఠాలకు రెండవది, సినిమాలకు, ఫోటోలకు చివరిది ఇవ్వండి. అన్నిటికీ మొదటి స్థానమిస్తే ఎవరికీ ఇవ్వనట్లే.

దీనివల్ల తీగ వెడల్పు పెరగదు. గోడల వల్ల సిగ్నలు తగ్గినా, లోపం ఇంటి బయట ఉన్నా ఇది పనిచేయదు. ఆ పేజీ లేని రౌటరయితే, ఫోటోలు పంపడం అర్ధరాత్రికి మార్చుకోవచ్చు.

ఆ గదిలో అసలు అడ్డు సినిమా కాదు. ఒక ఫోను తనంతట తాను ఫోటోలను పైకి పంపుతున్నది. పోయే దారి తరచుగా ఇరుకే కదా! మేనల్లుడు నలుగురినీ కూర్చోబెట్టి ఒప్పించిన తరువాతే మార్పు చేశాడు. ఆ రాత్రి తల్లి మాట కడదాకా వినబడింది. సినిమా కూడా ఆగలేదు.