బొడ్డుతాడు దగ్గర ఒక నిమిషం

కాన్పు సాయం నిధి లెక్కలు వేరే పేజీల్లో ఇచ్చాం. దాతలకు పైసా ఖర్చు లేని సాయం ఒకటి ఇక్కడ చెబుతాం.

బొడ్డుతాడులో రెండు ధమనులు, ఒక సిర ఉంటాయి. పేర్లు చూసి పొరబడకండి, ఇక్కడ మంచి రక్తం బిడ్డకు తెచ్చేది సిరే. ఒంట్లో మిగతాచోట్ల రక్తనాళాలను నరాలు కూడా అదుపు చేస్తాయి. ఈ తాడులో దాదాపుగా నరాలు లేవు. కోసినా నొప్పి తెలియనిది అందుకే. పనంతా రసాయనాలదే. కడుపులో ఉన్నన్నాళ్లూ నాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్, ప్రోస్టాసైక్లిన్ వదులుతూ దారి తెరిచి ఉంచుతుంది. బిడ్డ ఊపిరి తీయగానే రక్తంలో ఆక్సిజన్ పెరుగుతుంది, తాడుకు చల్లగాలి తగులుతుంది. సెరోటోనిన్, థ్రాంబాక్సేన్, ఎండోథెలిన్ వంటివి నాళం గోడలోని కండరంలో కాల్షియం పెంచుతాయి, కండరం బిగుసుకుంటుంది. ముందు ధమనులు మూసుకుంటాయి, సిర కాస్త ఆలస్యంగా. అంటే బిడ్డ నుంచి రక్తం పోవడం ఆగినా, మాయలో మిగిలింది బిడ్డకు చేరుతూనే ఉంటుంది. సుబ్‌హానల్లాహ్!

తొందరపడి క్లిప్పు వేస్తే ఆ రక్తం మాయలోనే ఉండిపోతుంది. బిడ్డకు వెంటనే శ్వాస అందించాల్సి వస్తే తప్ప, 1 నుంచి 3 నిమిషాలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అలా అందిన ఇనుము నెలల తరబడి బిడ్డను రక్తహీనత నుంచి కాస్తుంది. మన బస్తీ పిల్లలకు ఇది చిన్న మాట కాదు.

చెవిలో అజాన్ చెప్పాలని బయట నానాలు, దాదాలు తొందరపడతారు. నర్సమ్మ ఆగమంటే కోప్పడకండి. ఈసారి సాయం ఫారం వెనక ఈ మాట తెలుగులో, ఉర్దూలో అచ్చు వేయిస్తున్నాం.