సజీవ మెదడులో అల్జీమర్స్ జాడలు

జ్ఞాపకశక్తి, ఆలోచన, మాట, నిర్ణయశక్తి క్రమంగా సన్నగిల్లి, మనిషి తన రోజువారీ పనులు తాను చేసుకోలేని దశకు చేరడాన్ని వైద్యులు డిమెన్షియా అంటారు. అనేక జబ్బులు ఈ స్థితికి దారితీస్తాయి. వాటిలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది అల్జీమర్స్. భారతదేశంలో అరవై ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మంది, అంటే దాదాపు 88 లక్షల మంది, డిమెన్షియాతో బాధపడుతున్నారని 2023లో వెలువడిన ఒక జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. 1906లో జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్, తన రోగి ఆగస్టె డీటర్ మరణించాక ఆమె మెదడును సూక్ష్మదర్శిని కింద పరీక్షించి, నాడీకణాల వెలుపల పేరుకున్న ఫలకాలనూ, కణాల లోపల చిక్కుపడిన పోగులనూ గుర్తించాడు. ఫలకాలు అమిలాయిడ్ అనే ప్రోటీన్‌తో, పోగులు టౌ అనే మరో ప్రోటీన్‌తో ఏర్పడతాయని తరవాతి పరిశోధకులు తేల్చారు. అయినా దాదాపు వందేళ్లపాటు ఈ జబ్బును కచ్చితంగా నిర్ధారించడానికి మరణానంతర పరీక్షే శరణ్యమైంది. రోగి బతికి ఉండగా వైద్యుడు చెప్పగలిగింది బలమైన ఊహ మాత్రమే. ఆ ఊహకు కళ్లెదుట ఆధారం చూపింది మెదడు చిత్రణ.

బలమైన అయస్కాంత క్షేత్రంలో, దేహంలోని నీటిలో ఉండే హైడ్రోజన్ పరమాణు కేంద్రకాల స్పందనను నమోదు చేసి బొమ్మ కట్టే ఎమ్మారై స్కాన్‌లో వైద్యుల చూపు ముందుగా హిప్పోకాంపస్ మీదికి వెళుతుంది. కణతల లోపలి వైపున ఉండే ఈ చిన్న భాగం కొత్త జ్ఞాపకాలు ఏర్పడడానికి కీలకం. మెదడును ఒక చెవి నుంచి రెండో చెవి దాకా నిలువుగా కోసినట్టు చూపే చిత్రంలో ఆరోగ్యవంతుల హిప్పోకాంపస్ నిండుగా, దాని పక్కన ద్రవం ఉండే నల్లటి సందు సన్నని గీతగా కనిపిస్తుంది. అల్జీమర్స్ ముదిరేకొద్దీ హిప్పోకాంపస్ కుంచించుకుపోయి ఆ సందు వెడల్పవుతుంది. అయితే వయసు మీరినా, మరికొన్ని జబ్బులు సోకినా ఇదే జరుగుతుంది కనుక ఎమ్మారై ఒక్కదానితో తీర్పు చెప్పడం కుదరదు.

పెట్ స్కాన్ మరింత లోతుకు వెళుతుంది. స్వల్ప రేడియోధార్మికత గల పదార్థాన్ని నరంలోకి ఎక్కించి, అది మెదడులో ఎక్కడెక్కడ చేరిందో పసిగట్టడమే దీని పద్ధతి. ఆ పదార్థం గ్లూకోజ్‌ను పోలినదైతే, ఏ భాగాలు ఇంధనాన్ని తక్కువగా వాడుకుంటున్నాయో తెలుస్తుంది. అసలు మలుపు 2002లో వచ్చింది. అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన విలియం క్లంక్, చెస్టర్ మాథిస్ అమిలాయిడ్‌కు అతుక్కునే ఒక రసాయనాన్ని తయారు చేయగా, దానిని తొలిసారి మనిషికి ఇచ్చి స్కాన్ తీసింది స్వీడన్‌లోని ఉప్సలాలో. 2004లో ప్రచురితమైన ఆ ఫలితాలలో రోగుల మెదడులోని అమిలాయిడ్ రంగుల్లో తేటతెల్లమైంది. ఆ రసాయనంలోని కార్బన్-11 ఇరవై నిమిషాలకొకసారి సగానికి సగం తరిగిపోతుంది కాబట్టి, దానిని అక్కడికక్కడే తయారు చేసుకోగల సైక్లోట్రాన్ యంత్రం ఉన్నచోటే పరీక్ష సాధ్యమయ్యేది. సగానికి తగ్గడానికి దాదాపు 110 నిమిషాలు పట్టే ఫ్లోరిన్-18తో చేసిన పదార్థాలు వచ్చాక ఆ ఇబ్బంది తగ్గింది. టౌను చూపే పదార్థానికి 2020లో అమెరికా ఆమోదం లభించింది.

ఈ చిత్రాల వల్ల అల్జీమర్స్ గురించిన అవగాహనే మారిపోయింది. మతిమరుపు బయటపడడానికి పదిహేను, ఇరవై ఏళ్ల ముందే అమిలాయిడ్ పేరుకోవడం మొదలవుతుందని, లక్షణాలు ఎంత తీవ్రంగా ఉన్నాయన్నది మాత్రం అమిలాయిడ్ కన్నా టౌ వ్యాపించిన తీరుతోనే ఎక్కువగా ముడిపడి ఉంటుందని తెలిసింది. అంతకన్నా ఆలోచింపజేసే సంగతి మరొకటి ఉంది. జ్ఞాపకశక్తి చెక్కుచెదరని వృద్ధులలోనూ చెప్పుకోదగ్గ సంఖ్యలో అమిలాయిడ్ కనిపిస్తుంది. వారిలో చాలామందికి జీవితాంతం డిమెన్షియా రాదు. లక్షణాలు ఒకే స్థాయిలో ఉన్న రోగులను పోల్చినప్పుడు, ఎక్కువ చదువుకున్నవారి మెదడులోనే నష్టం ఎక్కువగా ఉన్నట్టు 1990ల నాటి చిత్రణ పరిశోధనలు చూపాయి. అంటే అంత నష్టాన్నీ తట్టుకుని వారి మెదడు అన్నాళ్లూ నెట్టుకొచ్చిందన్నమాట. ఈ తట్టుకునే శక్తి చదువుతోనే రాదనడానికి హైదరాబాదే సాక్ష్యం. నిమ్స్ ఆస్పత్రిలో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఒకటికి మించి భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. బడి ముఖం చూడనివారిలోనూ ఈ తేడా కనిపించింది.

స్కాన్‌లో కనిపించే మచ్చ తలరాత కాదని దీనివల్ల స్పష్టమవుతోంది. పైగా ఇప్పటివరకు పోగైన చిత్రాలలో అధిక భాగం పాశ్చాత్య దేశాల విద్యావంతులవి. ఈ లోటు తీర్చే దిశగా బెంగళూరులోని మెదడు పరిశోధన కేంద్రం, కర్ణాటకలో ఆంధ్ర సరిహద్దుకు దగ్గరగా ఉన్న శ్రీనివాసపుర తాలూకా పల్లెల్లో నలభై అయిదేళ్లు దాటినవారిని ఏళ్ల తరబడి పరీక్షిస్తూ, ఎమ్మారై చిత్రాలను కూడా సేకరిస్తోంది. ఇటువంటి పని మన పల్లెల్లోనూ జరగవలసి ఉంది.

చికిత్సలోనూ చిత్రణ పాత్ర పెరిగింది. అమెరికాలో 2023లో పూర్తి ఆమోదం పొందిన లెకానెమాబ్ అనే మందు అమిలాయిడ్‌ను తొలగించి, తొలిదశ రోగులలో జబ్బు వేగాన్ని కొంతమేరకు తగ్గిస్తుంది. దానిని మొదలుపెట్టే ముందు అమిలాయిడ్ ఉన్నట్టు రుజువు కావాలి. మొదలుపెట్టాక మెదడులో వాపు, సూక్ష్మ రక్తస్రావం వస్తున్నాయేమో ఎమ్మారైతో కనిపెట్టుకుని ఉండాలి.

సామాన్య కుటుంబానికి మాత్రం ఖరీదైన పెట్ స్కాన్ కన్నా ముందు కావలసింది వైద్యుని సంప్రదింపు. పెద్దవారు అడిగిందే పదేపదే అడుగుతున్నా, తెలిసిన వీధిలో దారి తప్పుతున్నా దానిని చాదస్తమని కొట్టిపారేయకూడదు. కిందపడినప్పుడు పుర్రె లోపల గూడుకట్టిన రక్తం, మెదడు గదుల్లో నీరు చేరడం, కణితి వంటివి కూడా మతిమరుపు తెస్తాయి. వీటిని మామూలు సీటీ లేదా ఎమ్మారై స్కానే పట్టిస్తుంది. బి12 విటమిన్ లోపం, థైరాయిడ్ లోపం రక్తపరీక్షలో తేలతాయి. సకాలంలో గుర్తిస్తే వీటిలో చాలావాటికి చికిత్స ఉంది కనుక, ఇంట్లో పెద్దవారి మాటలోనూ నడతలోనూ మార్పు కనిపించిన వెంటనే నాడీవైద్య నిపుణుని వద్దకు తీసుకువెళ్లాలి.