అద్దెతో ఈఎంఐ తీరుతుందా? ముందు లెక్కేయండి!

ఉద్యోగం రాగానే లోన్ తీసుకుని ఫ్లాట్ కొంటే, అద్దెతో అప్పు దానంతటదే తీరిపోతుందని చాలామంది చెబుతుంటారు. అది ఎంతవరకు నిజం?

ఆత్మకూరు నుంచి కోచింగ్ కోసం అశోక్‌నగర్, అమీర్‌పేట వెళ్లినవాళ్లకు ఒకటో తారీఖు అంటే ఏంటో బాగా తెలుసు. అద్దె కట్టీ కట్టీ ‘మనమే ఓనరైతే బాగుండు’ అనిపించడం సహజమే. మీ కోసం ఇంట్లోవాళ్లు జూరాల కాలువ కింది పొలం అమ్మి సిటీలో ఫ్లాట్ కొందామంటున్నారా? సంతకం పెట్టకముందే కాగితం, పెన్ను తీసుకోండి.

లెక్క ఇదీ..

ఫ్లాట్ ధర రూ.50 లక్షలు అనుకుందాం. చేతి డబ్బు 10 లక్షలు పోను, మిగతా 40 లక్షలు 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లకు తీసుకుంటే ఈఎంఐ సుమారు రూ.34,700. అద్దె రూ.12,500 వచ్చినా మిగతా రూ.22,200 మీ జీతంలోంచే పోవాలి.

ఏడాదిలో ఒక నెల ఇల్లు ఖాళీగా ఉంటే అద్దె రూ.1,37,500. ఆస్తి పన్ను, మెయింటెనెన్స్, రిపేర్లకు రూ.25,500 పోతే మిగిలేది రూ.1,12,000. అంటే రాబడి 2.24 శాతమే. వడ్డీ మాత్రం 8.5! ఇక మిగిలేది ధర పెరుగుతుందన్న ఆశ. అది పెరగొచ్చు, పెరగకపోవచ్చు. ఉద్యోగం పోయినా ఈఎంఐ ఆగదు.

ఊళ్లోనే అయితే?

స్థలం సొంతమైతే లెక్క మారుతుంది. ఆత్మకూరులో ఉన్న ఇంటిపైనే రూ.6 లక్షలతో ఒక పోర్షన్ వేసి, రూ.4,000కు అద్దెకిస్తే ఏడాదికి రూ.48,000.. ఖర్చులు తీయకముందు 8 శాతం. అయితే మున్సిపాలిటీ అనుమతి తీసుకోండి. అద్దెకు దిగేవాళ్లున్నారో లేదో ముందే వాకబు చేయండి.

చిన్న మొత్తమే ఉంటే..

రీట్‌ల గురించి చదవండి. ఇవి ఆఫీసు భవనాల అద్దెల్లో ఖర్చులు పోను మిగిలినదాన్ని యూనిట్లు కొన్నవాళ్లకు పంచే ట్రస్టులు. దేశంలో మొదటిది 2019లో లిస్టయిన ఎంబసీ ఆఫీస్ పార్క్స్. మాదాపూర్‌లో భవనాలున్న మైండ్‌స్పేస్ రీట్ 2020లో వచ్చింది. 2021లో సెబీ నిబంధన మార్చాక ఒక్క యూనిట్ కూడా కొనొచ్చు. షేర్లలాగే ధర పడే ప్రమాదమూ ఉంది. ఫీజు డబ్బులు ఇందులో పెట్టొద్దు.

ఓనరైతే ఇవి మరవొద్దు

- అగ్రిమెంట్ రాసుకోండి. లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి.
- అద్దె ఆదాయాన్ని ఐటీ రిటర్నులో చూపించాలి. కట్టిన ఆస్తి పన్ను తీసేశాక 30 శాతం మినహాయింపు ఉంటుంది.
- అద్దె కట్టలేదని కరెంటు, నీళ్లు ఆపేయకండి. చట్టం ఒప్పుకోదు.

ముందు ఉద్యోగం, తర్వాత కనీసం ఆరు నెలల ఖర్చులకు సరిపడా పొదుపు. ఓనరయ్యే ఆలోచన ఆ తర్వాతే. ఫ్లాట్ మళ్లీ కొనుక్కోవచ్చు. అమ్మేసిన కాలువ కింది పొలం మళ్లీ దొరకడం కష్టం.