నెల్లూరు శివార్లలో మిశ్రమ వినియోగ నిర్మాణాలు: రాకపోకల సౌకర్యమే ప్రధాన పరిశీలనాంశం

(ప్రత్యేక వ్యాసం)

నెల్లూరు: నివాస గృహాలు, దుకాణాలు, కార్యాలయాలు, వినోద కేంద్రాలు ఒకే ఆవరణలో ఏర్పాటు చేసే మిశ్రమ వినియోగ నిర్మాణాల ప్రతిపాదనలు నగర శివార్లకు వచ్చినప్పుడు పరిసర గ్రామాల, కాలనీల ప్రజలు తొలుత అడిగే ప్రశ్న దారి గురించే. ఉన్న రోడ్డు కొత్త వాహనాలను తట్టుకోగలదా, ఆపద సమయంలో అంబులెన్సు, అగ్నిమాపక శకటం లోపలికి చేరగలవా అన్నది వారి ఆందోళన. ఈ అంశంపై అమలులో ఉన్న నిబంధనలను, నెల్లూరుకు గల ప్రత్యేక పరిస్థితులను పాత్రికేయులు, అధికారుల అవగాహన కొరకు వివరించడమైనది.

నగర భౌగోళిక స్వరూపం

నెల్లూరు పురపాలక సంఘం 2004లో నగరపాలక సంస్థగా రూపొందినది. 2017లో నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ (నుడా) ఏర్పాటైనది. నగరం విస్తరిస్తున్నప్పటికీ, దాని రాకపోకలకు మూడు సహజ, నిర్మిత అవరోధాలు ఉన్నవి. ఉత్తరాన పెన్నా నది, నగరం మధ్యగా చెన్నై - విజయవాడ రైలు మార్గం, నగరాన్ని ఆనుకొని 16వ నంబరు జాతీయ రహదారి. శివారు నుండి నగరంలోనికి రావలసిన వారు వీటిలో ఏదో ఒకదానిని దాటవలసినదే.

రైలు మార్గాన్ని దాటుటకు విజయమహల్ గేటు, ఆత్మకూరు బస్టాండు, రామలింగాపురం, మాగుంట లేఅవుట్ వద్ద గల అండర్ బ్రిడ్జిలే ప్రధానాధారం. ఈశాన్య రుతుపవనాల కాలంలో భారీ వర్షాలు కురిసినప్పుడు వీటిలో నీరు నిలిచి వాహనాలు ఆగిపోవడం నగరవాసులకు అనుభవమే. జాతీయ రహదారిపై చింతారెడ్డిపాళెం, అయ్యప్పగుడి కూడళ్లలో స్థానిక వాహనాలు, దూర ప్రాంతాల లారీలు ఒకే చోట కలుస్తున్నవి. కనుక శివారులో ఒక నిర్మాణం ఏర్పడితే దాని ప్రభావం ముఖద్వారం వద్దనే కాక, కొన్ని కిలోమీటర్ల దూరాన ఉన్న అండర్ బ్రిడ్జి వద్ద కూడా కనిపిస్తుంది.

2021 నవంబరులో పెన్నా వరదలకు కోవూరు మండలం పడుగుపాడు వద్ద జాతీయ రహదారి, రైలు మార్గం రెండూ దెబ్బతిని చెన్నై - విజయవాడ మధ్య రాకపోకలు స్తంభించినవి. ఒకే మార్గంపై ఆధారపడిన ప్రాంతాలు విపత్తు వేళ ఎంతటి ఇబ్బందికి లోనవుతాయో ఈ ఘటన తెలియజేసినది. 2022 సెప్టెంబరు 6న ప్రారంభమైన నెల్లూరు బ్యారేజీపై వంతెన కూడా ఉండుట వలన నదిని దాటుటకు అదనపు మార్గం లభించినది.

వాహనాల అంచనా విధానం

వివిధ రకాల వాహనాలను ఒకే కొలమానంలోకి తెచ్చుటకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాలలో కారును ఒక యూనిట్‌గా తీసుకొంటారు. 1990 నాటి 106వ నంబరు మార్గదర్శకాల ప్రకారం, మొత్తం వాహనాలలో పదో వంతు, అంతకు మించి ద్విచక్ర వాహనాలున్న చోట ఒక్కొక్కటి 0.75 యూనిట్‌గా లెక్కించబడుతుంది. ఇరువైపులా రాకపోకలు సాగే రెండు వరుసల పట్టణ ప్రధాన రహదారి సామర్థ్యం గంటకు 1,500 యూనిట్లు కాగా, కాలనీల వాహనాలను ప్రధాన రహదారికి చేర్చే రోడ్డుకు 900 యూనిట్లు మాత్రమే.

ఉదాహరణకు, వెయ్యి ఫ్లాట్ల సముదాయం నుండి ఉదయం రద్దీ గంటలో 400 ద్విచక్ర వాహనాలు, 200 కార్లు బయటకు వస్తాయనుకొంటే అవి 500 యూనిట్లకు సమానం. ప్రధాన రహదారి సామర్థ్యంలో ఇది మూడో వంతు. చిన్న రోడ్డు విషయంలో సగానికి పైబడినదే. దుకాణాలు, సినిమా హాళ్ల రద్దీ సాయంత్రాలలోను, సెలవు దినాలలోను ఉంటుంది. అందువలన మిశ్రమ వినియోగ నిర్మాణాలకు ఉదయపు లెక్క ఒక్కటే చాలదు.

అనుమతుల నిబంధనలు

జాతీయ రహదారికి నేరుగా దారి కలుపుకొనుటకు 2002 నాటి జాతీయ రహదారుల (భూమి, రాకపోకల) నియంత్రణ చట్టం క్రింద అనుమతి తప్పనిసరి. ఈ విషయమై కేంద్ర రహదారి రవాణా శాఖ 2020 జూన్ 26న మార్గదర్శకాలు జారీ చేసినది. స్థానిక సంస్థ ఇచ్చే భవన నిర్మాణ అనుమతి దీనికి ప్రత్యామ్నాయం కాదు.

2016 జాతీయ భవన నిర్మాణ స్మృతి ప్రకారం బహుళ అంతస్తుల భవనం ఎదుట గల ప్రధాన వీధి వెడల్పు 12 మీటర్లకు తగ్గరాదు. అగ్నిమాపక శకటం వచ్చి నిలుచుటకు, తిరుగుటకు గల ఆవశ్యకతయే దీనికి ముఖ్య కారణం.

నిర్మిత విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు, అంతకు మించినచో 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు ప్రకటన మేరకు ముందస్తు పర్యావరణ అనుమతి పొందవలెను. అయితే భవన సముదాయాలకు, టౌన్‌షిప్‌లకు ఈ ప్రకటన ప్రజాభిప్రాయ సేకరణ నుండి మినహాయింపు ఇచ్చినది. ఇది గమనార్హమైన విషయం. ఫ్యాక్టరీలకు జరిగే బహిరంగ విచారణ వంటిది ఇక్కడ ఉండదు. కనుక ముసాయిదా మాస్టర్ ప్లాన్‌పైన, భూ వినియోగ మార్పిడి ప్రకటనలపైన అభ్యంతరాలు కోరిన గడువులోనే ప్రజలు తమ సూచనలను లిఖితపూర్వకంగా అందజేయుట ప్రయోజనకరం. పునాదులు లేచిన పిదప రోడ్డు వెడల్పుకు స్థలం సేకరించుట కష్టసాధ్యం.

పరిశీలించవలసిన అంశాలు

* నిర్మాణానికి రెండవ దారి ఉన్నదా. వరద సమయంలో అది పనిచేయునా.
* సమీప కూడలి, అండర్ బ్రిడ్జి వద్ద ప్రస్తుత రద్దీ లెక్కింపు జరిగినదా.
* బస్సు నిలుపు స్థలం, పాదచారులు రహదారిని సురక్షితంగా దాటే ఏర్పాటు ప్లానులో చూపబడినవా.
* సందర్శకుల వాహనాలకు ఆవరణలోనే స్థలం కేటాయించబడినదా.
* మాస్టర్ ప్లాన్ రోడ్డు కొరకు వదలవలసిన స్థలం గుర్తించబడినదా.
* రోడ్డు విస్తరణ వ్యయం ఎవరు భరించవలెను. గృహ ప్రవేశాలకు ముందే అది పూర్తగునా.

2016 స్థిరాస్తి నియంత్రణ చట్టం క్రింద నమోదైన ప్రాజెక్టుల ఆమోదిత ప్లాన్లను నియంత్రణ సంస్థ వెబ్‌సైటులో ఎవరైనా పరిశీలించవచ్చును. ఇతర పత్రాలను 2005 సమాచార హక్కు చట్టం ద్వారా కోరవచ్చును.

కృష్ణపట్నం ఓడరేవు 2008 నుండి పనిచేస్తున్నది. కృష్ణపట్నం పారిశ్రామిక ప్రాంతానికి 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగినది. వీటి మూలంగా ఈ తీర ప్రాంతంలో సరకు రవాణా, నివాసాల అవసరం రెండూ పెరుగుతాయి. ప్రతి ప్రతిపాదనను దాని ప్రహరీ వరకే కాక, అచటి నివాసులు ఆసుపత్రికి, పాఠశాలకు, రైలు స్టేషనుకు చేరే పూర్తి దారితో కలిపి పరిశీలించినప్పుడే అభివృద్ధి ఫలితం ప్రజలకు అందుతుంది.