పాత ఎపిక్ ప్రాసెసర్ కొంటున్నారా? ముందు దాని ‘ఇంటిపేరు’ అడగండి

ఇంట్లో చిన్న సర్వర్ పెట్టుకుందామని ఆన్‌లైన్‌లో ఒక సెకండ్ హ్యాండ్ ఏఎండీ ఎపిక్ ప్రాసెసర్ కొన్నాను. అది విజయనగరం వచ్చింది, బోర్డులో పెట్టాను. ఫ్యాన్లు తిరిగాయి, డిస్‌ప్లే రాలేదు. ర్యామ్ మార్చాను, పవర్ సప్లై మార్చాను, ఫలితం లేదు. శ్రీకాకుళంలో ఉన్న ఫ్రెండ్‌కి ఫోన్ చేస్తే ఒకటే అడిగాడు: "అది ఏ కంపెనీ సర్వర్లోంచి తీసిందో కనుక్కున్నావేటి?"

అసలు సంగతి అక్కడే ఉంది. చిప్ పాడవలేదు, లాక్ అయింది.

ఈ లాక్ ఏంటి?

దీని పేరు ప్లాట్‌ఫామ్ సెక్యూర్ బూట్, పొట్టిగా పీఎస్‌బీ. ఎపిక్ చిప్ లోపల ఏఆర్ఎం కోర్‌తో ఒక చిన్న సెక్యూరిటీ ప్రాసెసర్ ఉంటుంది. పవర్ ఆన్ చేయగానే మెయిన్ కోర్లకన్నా ముందు అదే లేస్తుంది. పీఎస్‌బీ ఆన్ చేసిన సర్వర్ కంపెనీ, తన కీ తాలూకు గుర్తును చిప్‌లోని ఫ్యూజుల్లో రాసేస్తుంది. ఆ ఫ్యూజులు ఒక్కసారే కాలతాయి, మళ్లీ వెనక్కి రావు. ఇక ఆ కంపెనీ సంతకం ఉన్న బయోస్ తప్ప ఇంకేదీ ఆ చిప్ ఒప్పుకోదు. అదే కంపెనీ వేరే బోర్డులో పనిచేయొచ్చు, బయటి బోర్డులో మాత్రం బూట్ అవదు.

ఎందుకు పెట్టారు?

ఎవరైనా బయోస్‌లో మాల్వేర్ దూరిస్తే ఓఎస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా పోదు. పీఎస్‌బీ ఉంటే ఆ సర్వర్ అసలు బూటే అవదు. బ్యాంకులకు, డేటా సెంటర్లకు ఇది మంచి ఫీచరే.

కానీ దీనికి ఇదొక్కటే దారి కాదు. 2020లో డెల్ ఎపిక్ సర్వర్లలో ఈ లాక్ విషయం బయటపడినప్పుడు, హెచ్‌పీఈ తాము ప్రాసెసర్ ఫ్యూజుల్లో కీ రాయడం లేదని చెప్పింది. వాళ్లు బోర్డు మీది ఐఎల్ఓ చిప్‌తో ఆ చెకింగ్ చేయిస్తారు. సెక్యూరిటీ ఉంటుంది, ప్రాసెసర్ మాత్రం ఫ్రీగానే ఉంటుంది.

కొనేముందు

లాక్ అయిన చిప్‌ను బయటినుంచి చూసి గుర్తుపట్టలేం. అందుకే ఏ సర్వర్లోంచి తీశారో అడగండి. మీలాంటి బోర్డులోనే టెస్ట్ చేసిన వీడియో, రిటర్న్ గ్యారంటీ రెండూ తీసుకోండి. "వర్కింగ్ కండిషన్" అన్న మాట నిజమే కావచ్చు. ఎక్కడ వర్కింగ్ అన్నదే మనం అడగాల్సిన ప్రశ్న. నేను అడగలేదు, అందుకే నా చిప్ ఇప్పుడు టేబుల్ మీద పేపర్ వెయిట్‌గా ఉంది.